టెలిఫోను కర్చీఫ్ వేసిన సీటు

అమీర్‌పేటలో హార్డ్‌వేర్ కోర్సు చేసినవాళ్లను అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా గడగడా ఒప్పజెప్పేస్తారు: ఆరెంజ్ వైట్, ఆరెంజ్, గ్రీన్ వైట్, బ్లూ, బ్లూ వైట్, గ్రీన్, బ్రౌన్ వైట్, బ్రౌన్. నెట్ కేబుల్‌కు ప్లగ్ క్రింప్ చేసేటప్పుడు ఎనిమిది తీగల వరస అది. ఇందులో ఒక తిరకాసుంది. మిగతా రంగులు జంటలుగా పక్కపక్కనే కూర్చుంటే, గ్రీన్ జంట మాత్రం 3, 6 స్థానాలకు విడిపోయి మధ్యలో బ్లూకు చోటిస్తుంది.

ఎందుకో తెలిసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. నడిమి 4, 5 స్థానాలు టెలిఫోనువి. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు అది ముందే సీటు ఆపుకుంది. సన్నటి ఫోన్ ప్లగ్‌ను వెడల్పాటి నెట్ సాకెట్‌లో దూర్చినా మధ్య తీగలు మధ్య తీగలకే తగులుతాయి. రెండో ఫోన్ లైను ఉంటే దాని తీగలు మొదటి లైనుకు అటొకటి ఇటొకటి. 1990లో 10బేస్-టి అనే నెట్ కేబుల్ ప్రమాణం రాసినవాళ్లు ఆ మర్యాద పాటించి 1, 2, 3, 6 తీసుకున్నారు, నడుమ జోలికి పోలేదు.

అసలు ఎవరి ఫోనైనా తగిలించుకోగల సాకెట్ గోడమీదికి రావడం వెనక పెద్ద తగాదా నడిచింది. నాకు ఈ చరిత్ర మొత్తంలో ఇష్టమైన ఘట్టం ఇదే. అమెరికాలో ఒకప్పుడు ఫోను చాలావరకు ఏటీ అండ్ టీ అనే కంపెనీ సొత్తు. తీగలు గోడకు బిగించేసి ఉండేవి, సొంత పరికరం తగిలిస్తే నేరం చేసినట్టే చూసేవారు. హష్-ఎ-ఫోన్ అని ఒక డొప్ప ఉండేది. మాట పక్కవాళ్లకు వినపడకుండా రిసీవర్‌కు తగిలించుకునేది. అందులో కరెంటూ లేదు, తీగా లేదు. దానివల్ల కూడా తమ వ్యవస్థకు చేటేనని ఏటీ అండ్ టీ వాదించింది, ప్రభుత్వ కమిషన్ ఎఫ్‌సీసీ తలూపింది! 1956లో అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. తర్వాత టెక్సస్‌కు చెందిన థామస్ కార్టర్ వచ్చాడు. చమురు క్షేత్రాల్లో వైర్‌లెస్ సెట్లతో తిరిగేవాళ్లను ఫోనుతో కలపడానికి రిసీవర్‌ను పడుకోబెట్టే పెట్టె చేశాడు. 1968లో ఎఫ్‌సీసీ అతని పక్షాన నిలిచింది. అయినా ఏటీ అండ్ టీ మొండికేసి, బయటి పరికరాలకు మధ్యలో మా రక్షణ పెట్టె అద్దెకు తీసుకోవాలంది. 1970ల నడుమ ఆ అడ్డూ తొలగింది. క్లిక్కుమనే ఆ ప్లగ్ కొలతలు ప్రభుత్వ నిబంధనల్లోకే ఎక్కాయి.

ఇంకా వెనక్కి వెళితే 1878 జనవరి, న్యూ హేవెన్. తొలి వాణిజ్య ఎక్స్ఛేంజ్‌లో జార్జ్ కోయ్ అనే ఆయన బండి బోల్టులతోనూ, ఆడవాళ్ల గౌన్లు వెనక ఉబ్బెత్తుగా నిలబడేందుకు వాడే తీగలతోనూ స్విచ్‌బోర్డు కట్టాడు. చందాదారులు 21 మంది. ఆ తరం బోర్డుల్లో ఆపరేటర్లు గుచ్చిన పావు అంగుళం ప్లగ్ ఇంకా బతికే ఉంది: ఆర్కెస్ట్రా వాళ్లు కీబోర్డుకూ గిటారుకూ పెట్టేది అదే. తర్వాతి దశాబ్దాల్లో డయలు వచ్చింది, ఆపరేటర్ల గొంతులు పోయాయి.

మళ్లీ మన ఎనిమిది తీగల దగ్గరికొస్తే, 1999లో గిగాబిట్ ఈథర్‌నెట్ నాలుగు జంటలూ తనకే కావాలంది. టెలిఫోను సీటు పోయింది, వరస మాత్రం అలాగే మిగిలింది.

ల్యాండ్‌లైనుతో పోయిన అసలైన సుఖం వేరు. ఆ రెండు రాగి తీగల్లో ఎక్స్ఛేంజ్ బ్యాటరీల నుంచి 48 వోల్టులు వచ్చేవి. ఊరంతా చీకటైనా, లైను బాగుంటే ఫోను మోగేది. లైన్‌మేన్ తీగలు విప్పుతుండగా రింగు వస్తే చేతికి చురుక్కుమనేది కూడా. 2003 నుంచి నెట్ కేబుల్ మీదా దాదాపు అదే వోల్టేజీతో కరెంటు పంపుతున్నారు, సీసీ కెమెరాలకు. కానీ అది మన ఇంటి కరెంటే. ఫైబర్ అయితే గాజు, దానిలో కరెంటు రాదు. ఇంటికి ఫైబర్ పెట్టించుకున్నవాళ్లు, ముఖ్యంగా తుపానుల కోస్తాలో ఉన్నవాళ్లు, రౌటర్‌కు ఒక చిన్న యూపీఎస్ కూడా కొనుక్కోండి.