నోరిస్: ఆనకట్ట పనివాళ్ల కోసం పుట్టిన ఊరు

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో నాక్స్‌విల్‌కు ఉత్తరాన ఉన్న నోరిస్‌ను ఒక ప్రభుత్వ సంస్థ తన పనివాళ్ల కోసం కట్టింది. ఆ సంస్థ టెనెసీ వ్యాలీ అథారిటీ (టీవీఏ). మహామాంద్యం రోజుల్లో, 1933 మేలో, వరదలను అదుపు చేసి పల్లెలకు కరెంటు ఇచ్చేందుకు అది ఏర్పడింది. 1948లో మన దేశంలో వచ్చిన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్‌కు నమూనా ఇదే. క్లించ్ నదిపై టీవీఏ తొలి ఆనకట్ట పని 1933 అక్టోబరులోనే మొదలైంది. ప్రభుత్వ విద్యుత్తు కోసం ఏళ్ల తరబడి పోరాడిన సెనేటర్ జార్జ్ నోరిస్ పేరే ఆనకట్టకూ ఊరికీ పెట్టారు.

పని అయ్యాక పీకేసే షెడ్లతో సరిపెట్టే వీలుండేది. టీవీఏ తొలి ఛైర్మన్ ఆర్థర్ మోర్గాన్ అందుకు ఒప్పుకోలేదు. కలకాలం నిలిచే ఊరే కట్టాలని పట్టుబట్టాడు. టీవీఏ ప్లానర్ ఎర్ల్ డ్రేపర్ బృందం ఇంగ్లండ్ ఉద్యానవన నగరాల బాటలో ప్లాను గీసింది. వీధులు కొండవాలును అనుసరించి వంపులు తిరిగాయి. నడుమ అందరిదీ అయిన పచ్చిక మైదానం, దగ్గర్లో బడి, చుట్టూ అడవి. వరండాలున్న చిన్న ఇళ్లలో చాలావాటిని చలికాలంలో కరెంటుతోనే వెచ్చబరిచేవారు. చుట్టుపక్కల పల్లెల్లో అప్పటికింకా కిరసనాయిలు దీపాలే. ఆనకట్ట మీద షిఫ్టు ఐదున్నర గంటలు. అందువల్ల ఎక్కువమందికి పని దొరికింది. మిగిలిన పొద్దులో చేతివృత్తులు నేర్పేవారు.

ఇంత ఆలోచించి కట్టిన ఊళ్లో నల్లజాతి కుటుంబాలకు ఒక్క ఇల్లూ ఇవ్వలేదు. ప్రజల సొమ్ముతో లేచిన ఊరికి ఇది చెరగని మచ్చ. నల్లవారి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ అప్పట్లోనే దీన్ని ఎండగట్టింది. మరోవైపు, ఆనకట్ట వెనుక నిలిచే జలాశయం కోసం దాదాపు మూడు వేల కుటుంబాలు ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లాయి.

1936 మార్చిలో ఆనకట్ట పూర్తయింది. కట్టినవాళ్లలో చాలామంది వేరే పనులకు తరలిపోగా, వారి ఇళ్లలోకి టీవీఏ ఇంజనీర్లు, ఉద్యోగులు వచ్చారు. కూలీల కోసం మొదలైన ఊరు అలా ఉద్యోగుల ఊరైంది. ఇళ్లూ దుకాణాలూ టీవీఏవే కాబట్టి ఊరికి యజమానీ అదే, పాలకుడూ అదే. విద్యుత్ సంస్థకు ఊరి యాజమాన్యం ఎందుకన్న ఒత్తిడి పెరిగి, 1948లో ఊరు మొత్తాన్నీ వేలం వేశారు. ఫిలడెల్ఫియా మదుపరుల బృందం 20 లక్షల డాలర్లకు పైగా చెల్లించి కొన్నది. తర్వాత ఇళ్లు నివాసుల చేతికి వచ్చాయి. 1949లో నోరిస్‌కు సొంత నగరపాలన ఏర్పడింది.

1975లో ఊరు జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. ఇప్పటి జనాభా సుమారు 1,600. నీటి వనరును కాపాడే అడవి నేటికీ నగరపాలన చేతిలోనే ఉంది.