మెడలో పుస్తెలు, చేతిలో కాగితం

నాంపల్లి క్రిమినల్ కోర్టుల గేటు దగ్గర మా నాన్న టైపు మిషను బల్ల ఉండేది. ఆయన తర్వాత ఆ బల్ల నాదయింది. టైపు పరీక్షలు లోయర్, హయ్యర్ రెండూ పాసయ్యాను కాబట్టి పని కొత్త కాలేదు. వకీళ్ళ పిటిషన్లు, కిరాయి కాగితాలు ఎన్ని కొట్టినా, నాకు మనసు పట్టింది మాత్రం నాలుగేళ్ళకో అయిదేళ్ళకో దేశం దాటిపోతున్న ఆలుమగల పనే. సూట్‌కేసులు సర్దడం ఆఖరి వారం పని. కాగితాలు సర్దడానికి నెలలు పడుతుంది. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు నుంచి నాంపల్లి స్టేషన్ దాకా ఉన్న ఈ కాస్త దూరంలోనే ఆ పని చాలామటుకు తెమిలేది.

పదో తరగతి మెమో పోయినా, పేరులో తప్పుపడినా చాపెల్ రోడ్డులో పరీక్షల డైరెక్టర్ ఆఫీసు. ఇంటర్‌దైతే విద్యాభవన్. గల్ఫ్‌కు పోయేవాళ్ళకు 1983 ఎమిగ్రేషన్ చట్టం వచ్చాక పాస్‌పోర్టులో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ముద్ర సంగతి మొదలైంది. ఆ క్లియరెన్స్ ఇచ్చే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు కూడా గాంధీభవన్ దగ్గరే ఉండేది. కరీంనగర్, నిజామాబాద్ బస్సులు దిగి తెల్లారేసరికి జనం అక్కడ వరసలో నిలబడేవారు. తర్వాతి రోజుల్లో పదో తరగతి పాసైనవాళ్ళకు ఆ క్లియరెన్స్ అక్కర్లేకపోయింది. దాంతో ఎక్కడో ట్రంకుపెట్టెలో పడి ఉన్న మెమో ఒక్కసారిగా బంగారమైంది.

మగవాడి కాగితాలకు పెద్ద చిక్కులుండేవి కావు. చిక్కంతా ఆడమనిషి దగ్గరే. మెమోలో ఆమెకు అమ్మమ్మ పేరుంటుంది, ముందు పుట్టింటి ఇంటిపేరు. శుభలేఖలో ఇంట్లో పిలుచుకునే పేరు. రేషన్ కార్డులో అదే పేరు, అత్తింటి ఇంటిపేరుతో. ఈ ముగ్గురూ ఒక్కరేనని స్టాంపు కాగితం మీద అఫిడవిట్ కొట్టాలి. నేను ముందు మూడు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పరిచి, ఒక్కో అక్షరం ఆమె చేతే చదివించేదాన్ని. చదువు రాకపోతే నేనే చదివి వినిపించి, అవునంటేనే కొట్టేదాన్ని. ఒక్క 'హెచ్' అక్షరం తేడా వచ్చినా కౌంటర్‌లో ఫైలు వెనక్కి తోస్తారు. మూడు పేర్లూ వరసగా కొట్టి, చివర 'ఒకే వ్యక్తి' అన్న మాట కింద గీత గీసి, ఆమె సంతకం పెట్టాక నోటరీ దగ్గరికి పంపేదాన్ని. ఒకామె సంతకం చేస్తూ, తన పూర్తి పేరు పెళ్ళి తర్వాత రాయడం అదే మొదటిసారి అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

పేరు కుదిరాక పెళ్ళి రుజువు కావాలి. ఊరంతా భోంచేసి వెళ్ళిన పెళ్ళికి కాగితం ఎక్కడిది? 1955 హిందూ వివాహ చట్టం రిజిస్ట్రేషన్‌కు వీలు కల్పించిందే గాని, చేయకపోతే పెళ్ళి చెల్లదని అనలేదు. మనవాళ్ళు అక్కడితో వదిలేశారు. వీసా దగ్గరికొచ్చేసరికి శుభలేఖ, తాళి కడుతున్న ఫొటో, వయసుకు మెమో, ముగ్గురు సాక్షులు పట్టుకుని పరుగులు. సాక్షుల్లో పెళ్ళి చూసిన బాబాయో మేనమామో ఉంటే పని సులువు.

ఈ వీధికి చెందిన ఒక జంట పెళ్ళి మాత్రం అంతకు చాలా ముందే చట్టం ప్రకారం జరిగింది. నాంపల్లి స్టేషన్ రోడ్డులో గోల్డెన్ థ్రెషోల్డ్ ఉంది, సరోజినీ నాయుడి ఇల్లు. 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మొదలైంది ఆ ఇంట్లోనే. ఆమె 1895లో నిజాం స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండు వెళ్ళింది. డాక్టర్ గోవిందరాజులు నాయుడిని చేసుకోవాలన్న ఆమె కోరికను ఆ దూరం చెరపలేదు. తిరిగొచ్చాక 1898 డిసెంబరులో మద్రాసులో, కందుకూరి వీరేశలింగం ఆధ్వర్యంలో పెళ్ళి జరిగింది. బ్రహ్మసమాజ వివాహాల కోసం వచ్చిన 1872 చట్టం కింద. కులాలు వేరు, కాబట్టి వాళ్ళకు కాగితం కావలసి వచ్చింది. మిగతా అందరికీ కులమే సాక్షి, ఊరే రిజిస్టరు.

ఇక పాస్‌పోర్టు సంగతి. దేశంలోకి వచ్చేవాళ్ళకు దాన్ని తప్పనిసరి చేసిన చట్టం 1920 నాటిది. పాత పాస్‌పోర్టుల్లో భర్త ఫొటో పక్కన భార్య ఫొటోకు చోటుండేది. తమకంటూ వేరే పుస్తకం లేకుండానే సముద్రం దాటిన ఇల్లాళ్ళున్నారు. విదేశం వెళ్ళడం పౌరుడి హక్కని సుప్రీంకోర్టు 1967లో సత్వంత్ సింగ్ కేసులో చెప్పాకే ఇప్పటి పాస్‌పోర్టు చట్టం వచ్చింది.

అమెరికాకైతే మా వీధి నుంచి దారి మద్రాసు మీదుగా ఉండేది. నాంపల్లిలో సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారి దిగి కాన్సులేట్ ముందు నిలబడాలి. చంకలో పెళ్ళి ఆల్బం, అట్ట చిరగకుండా పాత దుప్పట్లో చుట్టి. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచాక ఆ ప్రయాణం తప్పింది. ఇక సూట్‌కేసుల్లోకి కుక్కరు, ఇడ్లీ రేకులు, ఉస్మాన్‌గంజ్ ఎండుమిర్చి, మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ బిస్కెట్లు అందరూ కొనేవే.

2002లో ఆంధ్రప్రదేశ్ వివాహ రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసింది. 2006లో సుప్రీంకోర్టు దేశమంతా చేయమంది. 2005 నుంచి అపోస్టిల్ అనే ఒక్క ముద్రతో ఎన్నో దేశాలు మన కాగితం ఒప్పుకుంటున్నాయి. గల్ఫ్‌లో కొన్నిచోట్లకు మాత్రం ఎంబసీ ముద్ర తప్పలేదు. ఇంత జరిగినా, పెళ్ళయిన మూడేళ్ళకు, టికెట్లు చేతికొచ్చాక పరుగెత్తుకొచ్చే జంటలు తగ్గలేదు. రిజిస్ట్రేషన్ చట్టం విదేశాలకు పోయేవాళ్ళ కోసమే వచ్చిందనుకుంటారు. కాదు. మన ఊళ్ళోనే భార్యను భార్య కాదనే మగవాళ్ళున్నారు, వాళ్ళ వల్ల వచ్చింది.

ఒక తల్లి ఒకసారి నా బల్ల దగ్గరికి వచ్చింది. పరాయి దేశంలో అల్లుడు కూతుర్ని వదిలేశాడట, కాగితాలన్నీ అతని దగ్గరే ఉన్నాయట. కేసుకు పెళ్ళి రుజువు కావాలి. రిజిస్ట్రేషన్ నంబరు ఒక పాత డైరీలో రాసి ఉండబట్టి సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు కొట్టిచ్చాను. ఆ తర్వాత ఏ జంట వచ్చినా రెండో కాపీ తీసుకోమని, అది పిల్ల తల్లి దగ్గర ఉంచమని భర్త ముందే చెప్పేదాన్ని. కొందరు మొహం ముడుచుకునేవారు. అయినా దరఖాస్తు రెండు కాపీలకే కొట్టేదాన్ని.