కాకతీయ వారసత్వం: ఇల్‌ఖానులతో పోలిక

ఓరుగల్లు సింహాసనం గణపతిదేవుడి నుంచి (1199–1262) కూతురు రుద్రమదేవికి (1262–1289), ఆమె నుంచి మనుమడు ప్రతాపరుద్రుడికి (1289–1323) దక్కింది. అదే కాలంలో హులగు స్థాపించిన మంగోలు వంశం, ఇల్‌ఖానులు, పర్షియాను ఏలింది. కొడుకులు లేని గడ్డుకాలం రెండు వంశాలకూ వచ్చింది. కాకతీయులు దాన్ని దాటారు, ఇల్‌ఖానులు దాటలేకపోయారు. రాజు బతికుండగానే వారసులెవరో తేల్చి, సామంతులను ఒప్పించడమే ఈ తేడాకు అసలు కారణం.

ఇల్‌ఖానుల్లో తండ్రి తరవాత కొడుకా, తమ్ముడా అన్నది ఎన్నడూ స్థిరపడలేదు. 1282లో అబాకా పోగానే తమ్ముడు తెగుదార్ గద్దెనెక్కాడు. రెండేళ్లకే అబాకా కొడుకు ఆర్గూన్ అతణ్ణి కూలదోసి చంపించాడు. 1295 ఒక్క ఏడాదిలో గైఖాతు, బైదు ఇద్దరూ హతులయ్యారు. గజాన్ మాత్రం తమ్ముడు ఓల్జైతూను ముందే వారసుడిగా నిర్ణయించాడు కాబట్టి 1304లో అధికారం సాఫీగా మారింది. 1335లో అబూ సయీద్ కొడుకుల్లేకుండా, వారసుణ్ణి నిలపకుండా మరణించాడు. తరవాత గద్దెనెక్కిన అర్పా మరుసటి ఏడాదే హతుడయ్యాడు. 1338లో అబూ సయీద్ సోదరి సతీ బేగ్‌ను ఒక సేనాపతి రాణిని చేసి, ఏడాది తిరక్కుండానే దించేశాడు. ఆడపిల్ల గద్దెనెక్కడం అక్కడా జరిగింది, కానీ ఆమె వెనక తండ్రి నిర్ణయం లేదు, సొంత బలగమూ లేదు.

గణపతిదేవుడు ఈ విషయంలో ఎంతో ముందుచూపు చూపాడు. తాను యాదవుల చెరలో ఉన్న రోజుల్లో రాజ్యాన్ని నిలబెట్టింది రేచర్ల రుద్రుడనే సామంతుడు. సామంతుల విధేయత విలువ ఆయనకు అనుభవంతో తెలుసు. కొడుకులు లేనందున కూతురిని తన కాలంలోనే పాలనలో భాగస్వామిని చేశాడు; శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజుగా పేర్కొన్నాయి. ఆమె కూడా తండ్రి దారినే నడిచి, కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుంది. మోటుపల్లి పేరిట ఈ రాజ్యం గురించి రాసిన మార్కోపోలో ఆమెను రాజు భార్యగా పొరబడినా, న్యాయశీలి అని కొనియాడాడు. ఆర్గూన్ కోసం చైనాను ఏలిన మంగోలు చక్రవర్తి కుబ్లాయ్ పంపిన పెళ్లికూతురిని పర్షియాకు చేర్చిన బృందంలో ఉన్నవాడు కూడా ఈయనే. వాళ్లు వెళ్లేసరికి ఆర్గూన్ లేడు, ఆమెను గజాన్ పెళ్లాడాడు.

రుద్రమపై తిరుగుబాట్లు జరగలేదా అని అడగవచ్చు. ఆమెపై తిరగబడ్డారనే హరిహర, మురారిదేవుల కథ తరవాతి కాలపు ప్రతాపచరిత్రలోదే. సమకాలీన శాసనాల బలం దానికి లేదు. కాయస్థ సామంతుడు అంబదేవుడి తిరుగుబాటు మాత్రం నిజం, తీవ్రమైనది. రుద్రమ మరణాన్ని 1289 నాటి చందుపట్ల శాసనం తెలుపుతుంది. అంబదేవుడితో పోరులోనే ఆమె నేలకొరిగిందని చరిత్రకారులు ఎక్కువగా భావిస్తారు. అయితే అంబదేవుడు కోరింది తన స్వతంత్రం. ఓరుగల్లు గద్దెకు మరో కాకతీయుణ్ణి అతడు నిలబెట్టలేదు. రాణి మరణించినా వారసత్వం చీలలేదు. ప్రతాపరుద్రుడు గద్దెనెక్కి అంబదేవుణ్ణి అణచాడు.

ఇంత చేసినా 1323లో వంశం పోయింది కదా అన్నది మరింత బలమైన ఆక్షేపణ. అది బయటి దండయాత్ర ఫలితం. తుగ్లక్ సేనలు ఓరుగల్లును గెలిచి ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తరలించాయి; దారిలోనే ఆయన మరణించాడు. ఇల్‌ఖానులను బయటి శత్రువెవరూ ఓడించలేదు, సొంత అమీర్లే రాజ్యాన్ని పంచుకున్నారు. ముందుగా తేల్చిన వారసత్వం ఇంటి కలహాన్ని ఆపగలదే గాని కోటను కాపాడలేదు. 1336 ప్రాంతంలో ఓరుగల్లును తిరిగి సాధించిన ముసునూరి కాపయ నాయకుడు కాకతీయ సంతతివాడు కాడు. ఆ వంశం పేరిట కాక, ఆంధ్రదేశాధీశ్వరుడన్న బిరుదుతో పాలించాడు.