బోర్డర్ దాటితే మారే కులం కాగితం: కలిసిపోతే హక్కులు వస్తాయా?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు మా సుగాలీలు ఎస్టీలు. కుప్పం దాటి కర్ణాటకలో అడుగు పెడితే అక్కడి మావోళ్లు ఎస్సీలు. తమిళనాడు వైపు పోతే లంబాడీలు బీసీలు. ఇంట్లో మాట్లాడేది మాత్రం అందరూ గోర్ బోలీనే. ఎందుకిట్లా?

చిత్తూరు జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. తెలంగాణ హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ పేరుతో అంతా ఒక్కటైంది. ఒకే అసెంబ్లీ, ఒకే ముఖ్యమంత్రి. కానీ ఎస్టీ జాబితాలో పాత గీత అట్లనే ఉండిపోయింది. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు, ఎరుకలవాళ్లు, యానాదులు ఎస్టీలు. తెలంగాణ జిల్లాల్లో అవే కులాలు కాదు. ఈ గీతను తీసేసింది 1976 సవరణ చట్టం. అది అమల్లోకి వచ్చింది 1977 జూలై 27న. అంటే 1956లో తెలంగాణ తండాలో పుట్టిన బిడ్డకు 20 ఏళ్లు దాటినాకే ఎస్టీ హక్కు వచ్చింది. చదువుకునే వయసంతా గడిచిపోయింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు మాత్రం రెండు రాష్ట్రాల జాబితాలనూ విభజన చట్టంలోనే రాసినారు. అందుకే అప్పుడు ఆ హక్కు పోలేదు.

యూరప్‌లో రోమాలదీ ఇట్లాంటి కథే. వాళ్ల మూలం మన దేశమని భాషా శాస్త్రవేత్తలు చెప్తారు. మనం పాంచ్ అంటే వాళ్లు పాంజ్ అంటారు. యూరోపియన్ యూనియన్‌లో చేరాలంటే మైనారిటీలకు రక్షణ ఉండాలని 1993లో కోపెన్‌హాగన్‌లో షరతు పెట్టినారు. చేరేదాకా ఆ దేశాలు వివక్షకు వ్యతిరేకంగా చట్టాలు చేసినాయి. 2004లో హంగరీ, స్లొవేకియా, చెక్ దేశాలు, 2007లో రుమేనియా, బల్గేరియా చేరినాయి. లోపలికి వచ్చినాక షరతు పట్టు సడలింది. యూనియన్‌లో ఎక్కడికైనా పోవచ్చన్న హక్కు కాగితం మీద ఉంది. అయినా 2010లో ఫ్రాన్స్ రోమాల గుడిసెలు ఖాళీ చేయించి, చాలామందిని రుమేనియాకు, బల్గేరియాకు తిప్పి పంపింది.

రెండు చోట్లా నాకు కనిపించేది ఒకటే. పెద్ద రాజ్యంలో కలిసినంత మాత్రాన చిన్న జాతికి హక్కు దానంతట అది రాదు. పేరు జాబితాలోకి ఎక్కాలి, ఎక్కినాక అమలు చేయించే వాళ్లుండాలి.

ఇది మనకు పాత చరిత్ర కాదు. రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం ఎస్టీ జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. మన రాష్ట్రంలో ఎస్టీ అయిన ఒక విద్యార్థి బొంబాయి మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగితే, 1990లో సుప్రీంకోర్టు కుదరదు అంది. అదే మర్రి చంద్రశేఖరరావు కేసు. కుప్పం నుంచి బెంగళూరు రైలెక్కే తమ్ముళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి. అక్కడి రాష్ట్ర కోటాలో మన ఎస్టీ సర్టిఫికెట్ పనికిరాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు మాత్రం మన రాష్ట్రం ఇచ్చిందే చెల్లుతుంది. అప్లికేషన్ పెట్టే ముందే ఏ కోటానో చూసుకోండి.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఆ సీటు వెనక ఇంత కథ ఉందని పుస్తకాలు తిరగేసినాకే తెలిసింది. మీ చుట్టాలు కర్ణాటకలో, తమిళనాడులో, తెలంగాణలో ఉంటే, వాళ్ల కాగితాల్లో ఏం రాసి ఉందో అడిగి కింద రాయండి. మన చరిత్ర మనమే రాసుకుందాం.