కోలయందలి నేర్పు



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో కోతలు ముగిసిన పొలములందు చిర్రగోనె యాడని బాలుడు మన చిన్నతనమున అరుదు. కోస్తావారు దీనినే బిళ్ళంగోడు అందురు. నేలనున్న చిన్న కట్టెముక్కను కోలతో పైకి లేపి, అది క్రిందపడక మునుపే కొట్టవలెను. నేను బడిలో చదువు చెప్పుకాలమున, పాఠము విడిచి ఆడుచున్న యొక బాలుని కోలను లాగికొని విరిచివైచితిని. కన్నును చేతిని ఏకము చేయు విద్య యొకటి అందు కలదని నాకప్పుడు తోపలేదు. అట్టి విద్యయే హాకీ యాటయందు మన దేశమునకు తెచ్చిన కీర్తిని, పిదప కలిగిన లోటును నేడు మనవి చేసెదను.

హాకీకోలకు ఎడమప్రక్క మాత్రమే చదునుగా నుండును. ఆ ప్రక్కతోనే బంతిని తాకవలెను. కావున బంతిని ఇరువైపులకు నడుపుటకు కోలను త్రిప్పక తప్పదు. ఎడమచేయి కోల కొసను పట్టి త్రిప్పును; దిగువనున్న కుడిచేయి వదులుగా నుండి, కోలను తనలో తిరుగనిచ్చును. బంతి కోలను విడువక కుడియెడమలకు పోవుచుండ, ఎదుటివాడు దిక్కుతోచక నిలుచును. లోకము దీనిని ‘ఇండియన్ డ్రిబుల్’ అని మన పేరనే పిలుచుచున్నది. ఆట ఆంగ్లేయులది, నేర్పు మనది.

ఈ నేర్పుతోనే ధ్యాన్‌చంద్ 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలందు 14 గోలులు చేసెను. 1936 ఆగస్టు 15న బెర్లినులో మనవారు జర్మనీని 8-1 గోలులతో ఓడించిరి. 1928 మొదలు 1956 వరకు జరిగిన ఆరు ఒలింపిక్కులందును హాకీ స్వర్ణపతకము మనదే.

ఇదే విద్య చలిదేశములలో మంచుగడ్డమీదను కలదు. కెనడాలోని మాంట్రియల్ నగరమున 1875 మార్చి 3న ఒక భవనములోపల మంచుహాకీ పోటీ జరిగెను. నేడు అందు బంతికి మారుగా మూడంగుళముల వెడల్పు, అంగుళము మందము గల రబ్బరుబిళ్ళ నుపయోగింతురు. కోల రెండుప్రక్కలును పనికివచ్చును. నేల వేరు, పనిముట్టు వేరు, సూత్రము మాత్రమొక్కటే. పైచేయి త్రిప్పవలెను, క్రిందిచేయి వదులుగా నుండవలెను, చూపు బిళ్ళమీదగాక ఎదుట నుండవలెను. మొదట నిలుచుండి మెల్లగా, తరువాత కదలుచు, పిదప వేగముగా సాధన చేయుదురు.

ఆ మాంట్రియల్‌లోనే 1976లో ఒలింపిక్ హాకీని మొదటిసారి పచ్చికమీదగాక కృత్రిమమైన తివాచీపై ఆడించిరి. ఎగుడుదిగుడు గడ్డినేలపై బంతిని కోలకంటించి నడుపుట మనవారి బలము. నునుపైన తివాచీపై బంతి వడిగా పోవును. పరుగునకును, దూరమునుండి బంతి నందించుటకును ప్రాధాన్యము హెచ్చెను. మనకు ఏడవస్థానము దక్కెను. 1980లో మాస్కోలో స్వర్ణము వచ్చినను, పిమ్మట నాలుగు దశాబ్దములు పతకమే లేదు.

అయినను మన హైదరాబాదు ఆటగాడు ముకేశ్ కుమార్ అట్టి నేలమీదనే ఆరితేరి 1992, 1996, 2000 సంవత్సరముల ఒలింపిక్కులలో ఆడెను. 2021లో టోక్యోలోను, 2024లో పారిస్‌లోను మనవారు కాంస్యపతకములు గెలిచిరి. నేర్పు నశింపలేదు. నేల మారినపుడు సాధనయు మారవలెనని ఆలస్యముగా తెలిసికొంటిమి.

అయ్యలారా! మీ యూరి బాలుని చేతికోలను విరువకుడు. చదువు ముగిసినవెనుక ఆడుకొనుటకు చదునైన జాగా చూపుడు. నాడు నేను విరిచిన కోలకు అదియే ప్రాయశ్చిత్తమని భావించెదను.