టికెట్ ఉచితం... తిరిగి రావడమే కుదరదు!

1935 జులైలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఓ వింత చట్టంపై సంతకం పెట్టారు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్లు ఇంటికి పోతామంటే చాలు, ఓడ ఖర్చంతా సర్కారుదే. మెలిక ఒక్కటే... వెళ్తే మళ్లీ రావడం దాదాపు అసాధ్యం. ఫిలిప్పీన్స్ నుంచి ఏడాదికి 50 మందినే రానివ్వాలని అంతకుముందు ఏడాదే ఇంకో చట్టం తేల్చేసింది మరి.

అప్పట్లో హవాయి, అలాస్కాలను మినహాయిస్తే అమెరికాలో ఫిలిపినోలు 45 వేల మంది దాకా ఉండేవారు. ఆ టికెట్ తీసుకున్నది సుమారు 2,200 మందే!

నిజానికి వీళ్లలో చాలామంది అక్కడే ఉండిపోదామని వచ్చినవాళ్లు కాదు. 1898లో ఫిలిప్పీన్స్‌ను స్పెయిన్ నుంచి అమెరికా చేజిక్కించుకుంది. దాంతో ఆ దీవులవాళ్లు అటు పౌరులూ కాలేదు, ఇటు పరాయివాళ్లూ కాలేదు. రావడానికి అడ్డులేదు, ఓటు మాత్రం లేదు. 1906లో పదిహేను మంది హవాయి చెరకు తోటల్లో దిగడంతో మొదలైన వలస తర్వాత కాలిఫోర్నియా పొలాలకూ పాకింది. నాలుగేళ్లు కష్టపడి, నాలుగు డబ్బులు వెనకేసుకుని ఊళ్లో పొలం కొనుక్కోవాలన్నది ఫిలిప్పీన్స్‌లోని ఇలోకోస్ పల్లెల కుర్రాళ్ల ఆశ.

కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్ దగ్గర ఆస్పరాగస్ అనే కూరగాయ కోతంటే రోజంతా నడుం వంచాల్సిందే. ఒళ్లంతా దురద పుట్టించే నల్లటి దుమ్ము. ఆదివారం మాత్రం మంచి సూటు తొడుక్కుని స్టూడియోలో ఫొటో దిగి ఇంటికి పంపేవారు. ఆ ఫొటో చూసి ఊళ్లోవాళ్లు కొడుకు దొరయ్యాడనుకునేవారు. అలాంటివాడు సర్కారు ఇచ్చిన ఉచిత టికెట్‌తో, ఖాళీ చేతులతో ఓడ దిగితే తలెత్తుకునేదెలా? ఊళ్లో మాత్రం పనులెక్కడున్నాయి?

అలాగని అమెరికాలో ఆదరించిందీ లేదు. 1930 జనవరిలో కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో తెల్లవారి గుంపులు ఫిలిపినో కూలీల మీద పడ్డాయి. ఫెర్మిన్ టొబెరా అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు తుపాకీ గుండుకు బలయ్యాడు. 1933లో ఫిలిపినోలు తెల్లజాతి స్త్రీలను పెళ్లాడకుండా కాలిఫోర్నియా చట్టం చేసింది. స్వదేశం నుంచి వచ్చిన ఆడవాళ్లు బహు తక్కువ కావడంతో వేలమంది బ్రహ్మచారులుగానే ముసలివాళ్లయ్యారు.

చివరికి 1946 జులై 2న ఓ కొత్త చట్టంతో వీళ్ల పౌరసత్వానికి దారి తెరుచుకుంది. అదే చట్టం భారతీయులకూ ఆ హక్కునిచ్చింది. మరో రెండు రోజులకే ఫిలిప్పీన్స్ స్వతంత్రమైంది.

1965 సెప్టెంబరు 8న కాలిఫోర్నియాలోని డెలనో ద్రాక్షతోటల్లో సమ్మె మొదలుపెట్టింది ఈ తరంవాళ్లే, లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో. తర్వాత కార్మిక నాయకుడు సీజర్ చావెజ్ వెంట మెక్సికన్ కూలీలూ కలిశారు. అయిదేళ్ల పోరు ఫలించింది. నా అన్నవాళ్లు లేని ముసలి కూలీల కోసం 1974లో వాళ్ల కార్మిక సంఘమే డెలనోలో అగ్బయాని విలేజ్ కట్టించింది. వెళ్లిపోతే ఓడ ఖర్చిస్తానన్న దేశంలో, ఉండడానికో గూడు మాత్రం వాళ్లు పోరాడి సంపాదించుకోవాల్సి వచ్చింది.