పొలిమేర మీద క్వారంటైన్: ప్లేగు రైళ్ల నుంచి గరికపాడు దాకా

2020 మార్చి 25, శార్వరి నామ సంవత్సర ఉగాది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన తొలిరోజు కూడా అదే. పండగపూట హైదరాబాద్‌లోని మాదాపూర్, కూకట్‌పల్లి, అమీర్‌పేట ప్రాంతాల పోలీసు స్టేషన్ల ముందు వందలాది మంది యువతీయువకులు బారులు తీరారు. హాస్టళ్లు ఖాళీ చేయమంటున్నాయి, కర్రీపాయింట్లు మూతపడ్డాయి, ఇక సొంతూరే దిక్కు. పోలీసులు ఎన్‌వోసీలు (నిరభ్యంతర పత్రాలు) రాసిచ్చారు. ఆ కాగితాలతో బైకుల మీద, కార్లలో విజయవాడ హైవే ఎక్కినవాళ్లను జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపేశారు. ఒక ప్రభుత్వం ఇచ్చిన అనుమతి పక్క ప్రభుత్వం దగ్గర చెల్లలేదు.

అంటువ్యాధిని పొలిమేరలోనే ఆపాలన్న ఆలోచన చాలా పాతది. 1377లో ఆడ్రియాటిక్ తీరంలోని రగూసా, అంటే నేటి డుబ్రోవ్నిక్, ప్లేగు ఉన్నచోటి నుంచి వచ్చేవాళ్లను 30 రోజులు ఊరి బయటే ఉంచాలని శాసనం చేసింది. మన దేశంలో 1896 నాటి బొంబాయి ప్లేగు దీన్ని రైల్వేస్టేషన్లకు తెచ్చింది. రైలు ప్రయాణికులను తనిఖీ చేసి, అనుమానితులను విడిగా ఉంచే అధికారాన్ని 1897 అంటువ్యాధుల చట్టం ప్రభుత్వాలకు ఇచ్చింది. పూనాలో సైనికులు ఇళ్లలోకి చొరబడి సోదాలు చేయడంతో జనం రగిలిపోయారు. 1897 జూన్‌లో ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. ఆ తర్వాత తిలక్‌కు రాజద్రోహం నేరం కింద 18 నెలల శిక్ష పడింది. వ్యాధి నియంత్రణ రాజకీయ సంక్షోభంగా మారడం ఈ దేశానికి ఆనాటి నుంచే తెలుసు.

నిజాం కాలంలో హైదరాబాద్‌కూ ప్లేగు తప్పలేదు. 1915లో ఎర్రన్నగుట్ట మీద క్వారంటైన్ ఆసుపత్రి పెట్టారు. తర్వాత నల్లకుంటకు మారిన ఆ కోరంటి దవాఖానాయే నేటి ఫీవర్ ఆసుపత్రి.

రాజ్యాంగం రాసినవాళ్లు ఈ చరిత్రను చూసినవాళ్లే. ప్రజారోగ్యాన్ని రాష్ట్రాలకు వదిలినా, రాష్ట్రాల మధ్య వలసలనూ క్వారంటైన్‌నూ కేంద్ర జాబితాలో 81వ అంశంగా చేర్చారు. ఇరుగుపొరుగు రాష్ట్రాలు చెరో తాళం వేసుకుంటే నలిగిపోయేది బాటసారే. అయినా కొవిడ్ వచ్చేనాటికి ఆ అంశం మీద ప్రత్యేక చట్టం లేదు. చేతిలో ఉన్నవి 1897 చట్టం, 2005 విపత్తు నిర్వహణ చట్టం.

మాదాపూర్, కూకట్‌పల్లి ఉన్న సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ పరిధిలోనే అప్పట్లో శంషాబాద్ విమానాశ్రయం కూడా ఉండేది. అక్కడ విదేశాల నుంచి దిగినవాళ్ల జాబితా ఉండేది, చేతిమీద ముద్ర ఉండేది, 14 రోజుల నియమం ఉండేది, దానికి కేంద్రం మార్గదర్శకాలుండేవి. అదే నగరం నుంచి 200 కిలోమీటర్లలోపు ఉన్న గరికపాడులో ఇవేవీ లేకపోయాయి.

అందుకే మార్చి 25 రాత్రి రాజకీయ నాయకుల ఫోన్లతో గడిచింది. అప్పటి తెలంగాణ మంత్రి కేటీఆర్, ఆంధ్రప్రదేశ్ మంత్రి బొత్స సత్యనారాయణ మాట్లాడుకున్నారు. అప్పటి ముఖ్యమంత్రులు కేసీఆర్, జగన్ కూడా మాట్లాడుకున్నారు. తెలంగాణ ఎన్‌వోసీలను ఆపేసింది, హాస్టళ్లు ఎవరినీ వెళ్లగొట్టకూడదని హెచ్చరించింది. ఎక్కడివాళ్లు అక్కడే ఉండాలని, దాటి వస్తే 14 రోజుల క్వారంటైన్ తప్పదని 26న జగన్ ప్రకటించారు. మరో సరిహద్దులో, వాడపల్లి దాటాక పొందుగల దగ్గర ఆగిన జనానికీ పోలీసులకూ మధ్య గొడవ జరిగి రాళ్లు పడ్డాయి. సొంత పిల్లలను సరిహద్దులో నిలబెట్టారని ఆంధ్రప్రదేశ్ ప్రతిపక్షం విరుచుకుపడింది.

పద్ధతిగా చేస్తే ఏమవుతుందో కూడా హైదరాబాద్ పొరుగునే కనిపించింది. కందిలో ఐఐటీ హైదరాబాద్ భవనాలు కడుతున్న వలస కార్మికులు ఏప్రిల్ 29న ఇంటికి పంపమని తిరగబడ్డారు. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు దాదాపు 1,200 మందితో దేశంలోనే తొలి శ్రామిక్ రైలు కదిలింది. పంపే రాష్ట్రం, చేర్చుకునే రాష్ట్రం, రైల్వే ముందే మాట్లాడుకోవడం వల్ల అది సాధ్యమైంది.

మరుసటి ఏడాది అడ్డుగోడ తెలంగాణ వైపు లేచింది. 2021 మేలో కర్నూలు దిక్కు నుంచి వచ్చే అంబులెన్సులను పుల్లూరు టోల్‌గేట్ దగ్గర తెలంగాణ పోలీసులు ఆపారు. హైదరాబాద్ అప్పటికింకా ఉమ్మడి రాజధానే. ఏ అధికారంతో ఆపుతున్నారని తెలంగాణ హైకోర్టు నిలదీసింది, ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన సర్క్యులర్‌పై మే 14న స్టే ఇచ్చింది. ఆలోపే సరిహద్దులో ప్రాణాలు పోయాయి.

మహమ్మారి వేళ సరిహద్దులో తనిఖీ అవసరమే, క్వారంటైన్ కూడా అవసరమే. కానీ గేటు వేసే ముందు అవతలి రాష్ట్రంతో మాట్లాడాలి. రెండుచోట్లా చెల్లే ఒకే అనుమతిపత్రం, చెక్‌పోస్టు పక్కనే పడకలూ భోజనం, అంబులెన్సుకు ఎప్పుడూ తెరిచి ఉండే దారి, అద్దె గదుల్లో బతికేవాళ్లకు రక్షణ: వీటన్నిటికీ 81వ అంశం కింద పార్లమెంటు చట్టం చేయాలి. తల్లిదండ్రులు ఒక రాష్ట్రంలో, ఉద్యోగం మరో రాష్ట్రంలో ఉన్న లక్షలాది తెలుగు కుటుంబాలకు ఆ చట్టం ఇవాళ్టి అవసరం.